ప్రెసిడెంట్ గారి ఒక్క వాక్యం

ఒమాన్‌లోని సూర్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే మా ఆయన "ఏ వాట్సాప్ గ్రూపులో?" అని ఎదురడిగేవారు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు, మధ్యలో గ్యాస్ ప్లాంటును నమ్ముకుని ఉన్న కాసిని కుటుంబాలు. మస్కట్ వెళ్ళాలంటే రెండు గంటల దారి. ఇంత చిన్నచోట కూడా మనవాళ్ళు రెండు ముక్కలు కాకుండా ఉండలేకపోయారంటే ఇంకెక్కడ ఉంటారు?

గొడవ మొదలైంది ఒక బెల్లు దగ్గర. ఒక ఏడు దసరాకి హోటల్లో హాలు మాట్లాడి అందరం కలిసే పండగ చేసుకున్నాం. మన కార్యక్రమాల సంగతి తెలిసిందే కదా. పిల్లల ఫ్యాన్సీ డ్రెస్, ఒక కూచిపూడి, ఆడవాళ్ళ అంత్యాక్షరి, లక్కీ డ్రా, భోజనాలు. ఫ్యాన్సీ డ్రెస్‌కీ లక్కీ డ్రాకీ మధ్యలో "బతుకమ్మ నృత్యం, ఎనిమిది నిమిషాలు" అని వేశారు. వేసింది మా సంఘం ప్రెసిడెంట్ గారు. ఆయనది భీమవరం. బతుకమ్మను స్టేజీ మీద ఆడరనీ, దానికి నిమిషాలు ఉండవనీ ఆయనకు తెలియదు. కాకినాడ నుంచి వచ్చిన నాకూ తెలియదు. మా లెక్కలో అదొక డ్యాన్సు. చీరలు బావుంటాయి, పూలు బావుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి.

టైం అయిపోగానే ప్రెసిడెంట్ గారు తన బల్ల మీదున్న బెల్లు నొక్కారు. సౌండు సిస్టం అతను పాట ఆపేశాడు. వంగి చప్పట్లు కొట్టబోతున్న ఆడవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. కింద కూర్చున్న మేము, పాపం, మర్యాదగా చప్పట్లు కొట్టాం. అప్పుడు మా ఎదురు ఫ్లాటు అమ్మాయి స్టేజీ మధ్యలో ఉన్న బతుకమ్మను రెండు చేతులా ఎత్తుకుంది. మెట్లు దిగి, భోజనాల బల్లల మధ్య నుంచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచి వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే మరో నాలుగు కుటుంబాలు లేచాయి. వాళ్ళు ఇళ్ళకు చేరేలోపే రెండో వాట్సాప్ గ్రూపు పుట్టింది.

ఆమెది కరీంనగర్ పక్కన పల్లెటూరు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. నేను చెల్లీ అంటాను. సరిహద్దు సరిగ్గా మా ఇద్దరి గుమ్మాల మధ్య కారిడార్లో పడిందన్నమాట. మా సంఘంలో కొందరు పెద్దలు నన్ను కూడా కాస్త దూరంగా ఉండమని సలహా ఇచ్చారు. నాకు ఎవరైనా సలహా ఇస్తే దానికి వ్యతిరేకంగా చేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు సాయంత్రమే గిన్నెడు గోంగూర పప్పు పట్టుకెళ్ళి ఆమె తలుపు కొట్టాను. మర్నాడు ఆ గిన్నెలో సర్వపిండి ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత కూడా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి గానీ పండగలు మాత్రం వేరైపోయాయి. మాకో ఉగాది, వాళ్ళకో ఉగాది. వినాయకుడు కూడా ఇద్దరయ్యాడు.

రెండో ఏడు బతుకమ్మకి నన్ను తన ఇంటికి పిలిచింది. సోఫాలు గోడకు నెట్టి, టీపాయి బాల్కనీలో పెట్టి, హాలు మధ్యలో బతుకమ్మను పెట్టారు. ఉన్నది ఐదుగురు ఆడవాళ్ళు. ఫోన్లో పాట. ఆ చిన్న చోటులో వంగి వంగి తిరుగుతుంటే ఎవరిదో చెవికమ్మ పడిపోతే అందరూ కలిసి వెతుకుతున్నట్టు ఉంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఉండగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం అటు తిప్పుకుంది.

మూడో ఏడు, వేసవి సెలవుల తర్వాత ఒక రోజు నా వంటింట్లో బీరకాయ పొట్టు తీస్తూ చెప్పింది.

"అక్కా, దసరా అయినంక మేం పోతున్నం. ఆయన కంట్రాక్టు అయిపోయింది. ఇగ మల్ల రాం."

నేను స్టవ్ కట్టేశాను.

"మనసుల ఒక్కటే ఉన్నది అక్కా. పోయేలోపట ఒక్కసారి పెద్దగ బతుకమ్మ ఆడాలె, మా ఊర్ల ఆడినట్టు. గీ సోఫాల నడుమ కాదు. బిడ్డకు ఏడేండ్లు వడ్డయ్. బతుకమ్మ అంటే నలుగురు ఆంటీలు, ఒక ఫోను, గంతే అనుకుంటుంది అది."

"పెద్దగా అంటే ఎంతమంది కావాలి?"

"ఎంతమందైతే అంత. గానీ మేమున్నదే ఐదుగురం. మీవోళ్ళు వస్తరా ఏంది?"

వస్తారు, తీసుకొస్తాను అన్నాను. ఎలా తీసుకొస్తానో నాకు తెలియదు. కానీ ఆమె "వస్తరా ఏంది" అన్న తీరు నాకు గుచ్చుకుంది. మాట ఇచ్చేశాను.

మావాళ్ళు రావాలంటే ప్రెసిడెంట్ గారు కదలాలి. ఆయన గురించి చెడుగా చెప్పలేను. ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే అందరికంటే ముందు ఫ్లాస్కుతో వచ్చేది ఆయనే. పాస్‌పోర్టు పోగొట్టుకున్న కొత్తవాళ్ళను తన కారులో మస్కట్ ఎంబసీకి తీసుకెళ్ళేదీ ఆయనే. ఒక్కటే జబ్బు, మైకు. మైకు కనిపిస్తే ఆయన చెయ్యి దానంతట అదే వెళ్తుంది. పైగా చరిత్ర పిచ్చి. రిటైరయ్యాక చదువుతానని కొన్న పుస్తకాలు రిటైరవకముందే రెండుసార్లు చదివేశారు.

ఫోన్ చేసి సంగతి చెప్పాను. శుక్రవారం పొద్దున్నే మా ఇంటికి వచ్చేశారు, చంకలో టాబ్లెట్ పెట్టుకుని. కాఫీ కూడా పూర్తిగా తాగకుండా ఒక పాత నలుపు తెలుపు వీడియో పెట్టారు. గోడ కట్టి రెండు ముక్కలు చేసిన బెర్లిన్ నగరం. ఒక కూడలిలో కనుచూపుమేర జనం. వాళ్ళకు ధైర్యం చెప్పడానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు, యువకుడే, గాలికి జుట్టు ఎగురుతుండగా మాట్లాడుతున్నాడు. ఇంగ్లిషులో చెప్పుకుంటూ పోయి ఒకచోట వాళ్ళ జర్మన్ భాషలో ఒక్క వాక్యం అన్నాడు, నేనూ బెర్లిన్ వాణ్ణేనని. ఇక ఆ జనం చూడాలి! వీడియోలో చూస్తున్న నాకే రోమాలు లేచాయి.

"చూశావా అమ్మా! ఒక్క వాక్యం. ఒకే ఒక్క వాక్యంతో ఊరు ఊరంతా ఆయనదైపోయింది" అన్నారు ప్రెసిడెంట్ గారు. "వాళ్ళ భాషలో అన్నాడు. అక్కడుంది కిటుకు. ఆయనకి జర్మన్ రాదంట. పలికే తీరు కాగితం మీద తన స్పెల్లింగులో రాసుకుని మరీ చెప్పాడంట. మనం కూడా అలాగే చేద్దాం. బతుకమ్మ దగ్గర నేను నాలుగు ముక్కలు మాట్లాడతాను. చివర్లో వాళ్ళ యాసలో ఒక్క మాట. నేనూ కరీంనగర్ వాణ్ణే అని. ఏవంటావు?"

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు కదులుతోంది. నాకు మాత్రం వీడియో చూస్తున్నప్పటి నుంచీ ఒకటే ఆలోచన తిరుగుతోంది, అది నోట్లో ఆగలేదు.

"బాగానే ఉందండీ. కానీ ఆ గోడ ఆయన కట్టలేదు కదా."

"అంటే?"

"అంటే, మన బెల్లు మీరే కొట్టారు కదండీ."

ప్రెసిడెంట్ గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. రాలేదు. వినపడలేదన్నట్టు తల ఎగరేసి, "నువ్వు ఆ అమ్మాయి మాట్లాడటం రోజూ వింటావు కదా, నాకు నేర్పించు" అన్నారు. ఇష్టంలేని మాట వినపడకుండా ఉండటం నాయకులకు దేవుడిచ్చిన వరం.

తర్వాతి రెండు శుక్రవారాలూ మా హాల్లో అదే పని. ఆయన సోఫా ముందు నిలబడతారు, చొక్కా సర్దుకుంటారు, చెయ్యి గాల్లోకి లేపుతారు. "నేను గూడా కరీంనగరోన్నే!" అంటారు. అన్నప్పుడల్లా ఎక్కడో తేడా కొట్టేది. మాట సరిగ్గానే ఉంది, అక్షరం పొల్లుపోలేదు. అయినా ఏదో ఎబ్బెట్టు. ఏమిటో చెప్పలేక చివరికి ఫోన్లో రికార్డు చేసి ఆయన చేతిలో పెట్టాను.

విన్నారు. మళ్ళీ పెట్టుకుని విన్నారు. మొహం వాడిపోయింది.

"ఇదేంటమ్మా, వెక్కిరిస్తున్నట్టుంది!"

అదే. ఏళ్ళ తరబడి మన సినిమాల్లో ఆ యాసను రౌడీల నోట్లోనూ, నవ్వించే నౌకర్ల నోట్లోనూ పెట్టారు. మా కోస్తావాళ్ళం చాలామందిమి దాన్ని అక్కడే నేర్చుకున్నాం. ఎంత ప్రేమగా పలుకుదామన్నా ఆ వంకర ముందు బయటికి వస్తుంది. ఆయనలో వెక్కిరింత లేదు, నాకు తెలుసు. కానీ బతుకమ్మ ఎత్తుకుని భోజనాల బల్లల మధ్య నుంచి నడిచిపోయిన మనిషి ముందు ఈ మాట ఇలా అంటే, ఆ తర్వాత ఇక జీవితంలో కలిసేది ఉండదు. ఆమె మళ్ళీ బతుకమ్మ ఎత్తుకుంటుంది. ఈసారి అటునుంచి అటే విమానం ఎక్కేస్తుంది.

"మానేద్దామండీ" అన్నాను.

"ఆలోచిస్తాను" అంటూ ఆయన చెప్పులు వేసుకున్నారు. ఆయన ఆలోచిస్తానంటే నాకు భయం.

పండగ కోసం ఊరి బయట ఒక ఇస్తరాహా అద్దెకు తీసుకున్నాం. చుట్టూ ప్రహరీ, లోపల పచ్చగడ్డి, రెండు గదులు, ఒక ఈతకొలను. ఇక్కడివాళ్ళు సెలవురోజుల్లో కుటుంబాలతో వచ్చి గడిపే చోటు. కావలి అతను బంగ్లాదేశీ. తాళం తీస్తూనే కొలను చూపించి "ఇస్ మే ఫూల్ మత్ డాల్నా మేడమ్, ఫిల్టర్ ఖరాబ్ హోగా" అంటూ, పూలు వేస్తే ఫిల్టరు పాడవుతుందని ముందే చెప్పేశాడు. మాకు ముందు ఎవరో ఏదో పూల పండగ చేసుకుని వెళ్ళి ఉంటారు. సరే, నిమజ్జనానికి పిల్లలు ఆడుకునే గాలి తొట్టి తెచ్చి ఊది నీళ్ళు నింపాం.

పూలు పేర్చడం మధ్యాహ్నం నుంచీ మా ఇంట్లోనే. గునుగు పూలు ఆమె సెలవులకు వెళ్ళినప్పుడు ఎండబెట్టి, రంగులద్ది సూట్‌కేసులో తెచ్చుకుంది. బంతిపూలు మస్కట్ నుంచి కూరగాయల వ్యానులో వచ్చాయి. తంగేడు దొరకదు కదా. వాన కురిసినప్పుడు వాగు పక్కన మొలిచే ఒక పసుపు పూల మొక్క ఉంది, చూడటానికి తంగేడు చెల్లెలిలా ఉంటుంది. ఆమె భర్త, నేను వెళ్ళి సంచీడు కోసుకొచ్చాం. పళ్ళెంలో గుమ్మడాకులు పరిచి, వరస మీద వరస పేర్చుకుంటూ పోతోంది ఆమె. నేను ఒక వరస పెడితే తీసేసి మళ్ళీ పెట్టింది.

"నాకు చేతకాదా?"

"చేతనైతది గని, వంకర వోయింది అక్కా" అంది. పని దగ్గర మొహమాటం లేదు ఆమెకు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక వాళ్ళ ఐదు కుటుంబాలూ వచ్చాయి. ఆమె భర్త తాను పనిచేసే సైట్ల నుంచి జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళను పదిపదిహేను మందిని వెంటబెట్టుకొచ్చాడు. డ్యూటీ లేని రోజని ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. వస్తూనే లైట్లు కట్టి, చాపలు పరిచి, ప్రహరీ గోడ పక్కన వరసగా నిలబడ్డారు. తర్వాత మావాళ్ళ కార్లు. ఒకటి, రెండు, ఆపైన వరసగా. నేను గేటు దగ్గరే ఉన్నాను, ఎవరైనా వెనక్కి తిరిగి వెళ్తారేమోనని. లోపలికైతే వచ్చారు. వచ్చి ఈ పక్కన ఒక గుంపు, ఆ పక్కన ఒక గుంపు, మాటల్లేని ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ నిలబడ్డట్టు నిలబడ్డారు. మధ్యలో గడ్డి మీద బతుకమ్మ. ఎవరూ దాని దగ్గరకు వెళ్ళరు. మా చెల్లెలు పమిట చెంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

అప్పుడు ప్రెసిడెంట్ గారు ఐస్‌బాక్సు ఎక్కారు. మైకు పెట్టొద్దని నేనే కట్టడి చేశాను. అందుకని అందరికీ కనపడాలని గడ్డి మీదున్న నీళ్ళ సీసాల ఐస్‌బాక్సు మీద నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. చెయ్యి లేపారు. మా ఆయన నా భుజం పట్టుకున్నారు.

చెయ్యి మళ్ళీ కిందికి దించేశారు.

"అందరికీ నమస్కారమండీ. నేను ఓ వాక్యం నేర్చుకుని వచ్చానండీ. రెండు వారాలు ప్రాక్టీసు చేశాను. అది చెప్పట్లేదు. ఎంచేతంటే నేను కరీంనగర్ వాణ్ణి కాదండీ. భీమవరం వాణ్ణి. మీ బతుకమ్మ ఏంటో నాకు తెలీదు. తెలీకుండానే దానికి టైం పెట్టాను. టైం అయిపోయిందని బెల్లు కొట్టాను. తప్పయిపోయిందండీ." మా వైపు చెయ్యి చూపించారు. "మావాళ్ళని తీసుకొచ్చాను. వీళ్ళకీ రాదు. మీకు ఓపికుంటే కలుపుకోండి, నేర్పించండి. ఎంతసేపాడితే అంతసేపు ఉంటాం. ఆయ్, అంతేనండీ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత పెద్ద మనిషి ఐస్‌బాక్సు మీద చేతులు కట్టుకుని, మార్కుల కోసం చూసే పిల్లాడిలా నిలబడ్డారు. అందరి చూపూ మా చెల్లెలి మీదే ఉంది. ఆమె పమిట చెంగు నడుముకు దోపుకుంది.

"సార్, గీ ముచ్చట రెండేండ్ల కిందనే చెప్తే అయిపోవు గద!" అంది. ఆ తర్వాత నవ్వు ఆపుకుంటూ, "సరే, ఇగ దిగుండ్రి. మీ కాళ్ళ కింద నీళ్ళ సీసలున్నయ్, పిల్లలకు దూపైతుంది."

ముందు గోడ పక్కనున్న సైటువాళ్ళు నవ్వారు, ఆపైన అందరూ. ప్రెసిడెంట్ గారు అందరికంటే గట్టిగా నవ్వి, దిగి, తానే మూత తీసి పిల్లలకు సీసాలు పంచారు. ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో చిన్నది అదే. నాకు నచ్చిందీ అదొక్కటే.

ఇక ఆట. మా ఆడవాళ్ళకు వంగడం తెలిస్తే చప్పట్లు మరిచిపోతున్నారు, చప్పట్లు గుర్తుంటే అడుగు అటు వేస్తున్నారు. మా సంఘం కోశాధికారి భార్య తిరిగి తిరిగి నన్నే ఢీకొట్టింది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. మా చెల్లెలు ఒక్కొక్కరినీ భుజాలు పట్టి నిలబెట్టి "చూసుకుంట చెయ్యుండ్రి, గంత భయమెందుకు, ఎవలూ మార్కులెయ్యరు" అని నవ్విస్తూ వలయం పెంచుకుంటూ పోయింది. గేటు దగ్గర నిలబడి చూస్తున్న పక్క ఇస్తరాహా ఒమానీ ఆడపిల్లలు ఇద్దరు తమ పొడుగాటి నల్ల అబాయాలతోనే వచ్చి చేరారు. మా చెల్లెలి కూతురు గడ్డి మధ్యలో నిలబడి, నోరు తెరుచుకుని చుట్టూ తిరిగి చూస్తోంది. వలయం పెరిగి పెరిగి ఈతకొలను అంచు దాకా వచ్చేసింది.

అక్కడ వచ్చింది చిక్కు. ఫోనులో పాట వద్దని మా చెల్లెలే నోటితో పాడుతోంది. ఆమె చరణం ఎత్తుకుంటే మేం వంత పలకాలి. వలయం అంత పెద్దదయ్యేసరికి ఆమె అటు చివర ఉంటే ఆమె గొంతు ఇటున్న మాకు వినపడట్లేదు. మా వైపు చప్పట్లు తప్పాయి, అడుగులు ఆగాయి. అప్పుడు నా వెనక, గోడ దగ్గర నిలబడ్డ జగిత్యాల మనుషులు, చిన్నప్పుడు అమ్మల పక్కన నిలబడి విన్నదేమో, ఆ చరణాన్ని మెల్లగా అందుకున్నారు. బరువైన మగ గొంతులు, సిగ్గుపడుతూ. ఆ మాటలు పట్టుకుని నేను గట్టిగా ఎత్తుకున్నాను. మా వైపు వాళ్ళు నాకు వంత పలికారు. కాకినాడ గొంతుతోనే పాడాను, ఇంకో గొంతు నాకు లేదు. అటు ఆమె, ఇటు నేను. పాట ఆగలేదు.

కాసేపటికి ఒక్కొక్కరి అడుగూ దిద్దుకుంటూ ఆమె నా పక్కకు వచ్చింది. చెమటతో మొహం మెరిసిపోతోంది.

"అక్కా, ఈ దిక్కు పాట ఎత్తుకున్నది నువ్వేనా?"

"ఎత్తుకోక ఏం చెయ్యను, నీ గొంతు మా దాకా రావట్లేదు."

ఆమె తల తిప్పి వలయం ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "గంత పెద్దగైంది" అంది. ఆపైన, చాలా సంతోషంగా, "ఇగ నేను లేకున్నా మీరు ఆడుతరు అక్కా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంతా చేసింది ఆ మాట వినడానికా?

"ఆడం" అన్నాను. "నువ్వు లేకపోతే ఆడం."

"ఆడుతరు" అంది నవ్వుతూ, వంగి చప్పట్లు కొడుతూ, నన్ను దాటుకుని అటు వెళ్ళిపోయింది.

కూర్చుని ఏడుద్దామంటే తీరిక లేదు. తర్వాతి చరణం నేనే ఎత్తుకోవాలి.